నీళ్లొచ్చాయా?

టోలిచౌకి, హైదరాబాద్
అక్టోబరు 27

వసూ,

కాగితం మీద రాసి, ఫోటో తీసి నీకు పంపుతున్నాను. చూసి నవ్వుకో, పర్లేదు. ఇక్కడ ఫోన్‌లో మాట్లాడటం కుదరదు. మొగుడు పోయి ఇద్దత్‌లో ఉన్న ఆడదాన్ని ఒంటరిగా వదలరు. ఓదార్చడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కన కూర్చునే ఉంటారు. మొన్న నువ్వు చేసిన ఫోన్ మా వదిన స్పీకర్‌లో పెట్టింది. నువ్వు ఏడుస్తుంటే గదినిండా జనం విన్నారు.

ఈ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు గానీ ఒక్కరూ చదవలేరు. ఆదోనిలో మా అన్నను ఉర్దూ బడికి పంపి, ఆడపిల్ల దూరం పోకూడదని నన్ను పక్కవీధి తెలుగు బడిలో వేశారు. ఆ బడి ఇన్నాళ్లకు పనికొచ్చింది. నా ఫోన్ ఎవరి చేతికి దొరికినా ఈ అక్షరాలను ముగ్గులా చూసి వదిలేస్తారు. నువ్వూ ఇలాగే రాయి.

మేనకోడలు కహకషాన్ పెళ్లికని వచ్చిన మనిషిని ఇక్కడి మట్టిలోనే పెట్టి, నాలుగు నెలల పది రోజులు ఈ గడప దాటకుండా కూర్చోవాలి. గుండె ఆగిపోయిందని నీకు చెప్పాను. అంతకంటే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

ఒక్క పని చేసిపెట్టు. కప్పు అంచున వాననీళ్లు పోయే గట్టర్ శుభ్రం చేయించు. తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా. పై అంతస్తులో వెనక గదిలోంచి బాల్కనీలోకి వెళ్తే నిచ్చెన వేసుకోవచ్చు. పార్థా భాయ్‌ని ఎక్కించకు. పనివాళ్లను పిలిపించు. ఆలస్యం చేయకు.

ప్రణవికి నా ముద్దులు. నా కొత్తిమీర కుండీలు ఎండిపోతే పోనీ.

కనీజ్

సెరంగూన్, సింగపూర్
నవంబరు 3

కనీజక్కా,

నీ చేతిరాత చూసి చాలాసేపు చదవకుండానే కూర్చున్నాను. పదిహేనేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉండి, ఒకరికొకరు ఒక్క ముక్క రాసుకోలేదు మనం. గోడ అవతలినుంచి పిలిస్తే సరిపోయేది.

గట్టర్ సంగతి రాశావు. నాకూ అదే గుర్తొస్తోంది. రెండిళ్లకూ కలిపి ఒకటే గట్టర్, అదీ మీ వైపుకే వాలుగా ఉంటుంది. నీళ్లు దిగే పైపు మీ మూలన ఒక్కటే. మా కప్పు మీద పడిన నిద్రగన్నేరు ఆకులన్నీ మీ ఇంటికే కొట్టుకొస్తాయని నేను నొచ్చుకుంటే, "ఆకులే కదా చెల్లెమ్మా, అల్లుళ్లు కాదు గదా" అన్నారు ఒకసారి ఇఫ్తేఖార్ భాయ్.

ఏడాది చివరి వానలకు ముందు వచ్చే ఆ ఆదివారం మనకు పండగలా ఉండేది. ఆయన పైన, ఈయన కింద. పోయినేడు ఈయన నిచ్చెన పట్టుకుని ఆఫీసు మెసేజీలు చూస్తుంటే పైనుంచి కేక. "ఏం పార్థా, నిచ్చెన పట్టుకున్నవా, ఫోన్ పట్టుకున్నవా? నేను పడితే మీ వదిన నిన్నే పట్టుకుంటది." చెత్తంతా తీశాక ఆయన పైన బకెట్ నీళ్లు కుమ్మరించి "నీళ్లొచ్చాయా?" అని అడగడం, ఈయన కింద పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టి "వచ్చాయి భాయ్" అనడం, ఆ తర్వాత నువ్వు పరాటాలు వేయడం. ఈసారి సెప్టెంబరులోనే చేయాల్సింది. ఈయన వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అంటూ రెండుసార్లు వాయిదా వేశారు. చాంగీ ఆఫీసులో ఏదో కొత్త సిస్టం పెడుతున్నారని ఆదివారాలు కూడా వెళ్లారు. ఈలోగా మీ ప్రయాణం వచ్చింది. తిరిగొచ్చాక చేద్దాంలే అనుకున్నారు ఇద్దరూ.

పనివాళ్లను పిలవచ్చు. కానీ అక్కా, నీకంటే ముందు నీ ఇంట్లోకి నేను వెళ్లడం, పైగా ముక్కూ మొహం తెలియని వాళ్లను వెంటబెట్టుకుని... గేటు సందులోంచి చూస్తే గుమ్మం దగ్గర భాయ్ చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. వాటిని పక్కకు జరపకుండా లోపలికి వెళ్లలేం. ఈయనకు చెబితే, "ఆ నిచ్చెన నేను ముట్టుకోలేను వసూ" అని లేచి వెళ్లిపోయారు. నువ్వు వచ్చేదాకా ఆగితే ఏమవుతుంది? మహా అయితే నాలుగు చుక్కలు గోడ మీద కారతాయి. నేను ఆలోచిస్తున్నది తప్పో ఒప్పో నాకే తెలియడం లేదు. నువ్వే చెప్పు.

వసుంధర

టోలిచౌకి
నవంబరు 9

వసూ,

చెప్పులు జరిపేయ్. పారేసినా నేనేమీ అనుకోను. తలుపు తెరిచి ఆ గట్టర్ శుభ్రం చేయించు. ఎందుకూ ఏమిటీ అని నన్ను అడగకు. నా మనసు కుదుటపడాలని ఉంటే ఈ వారంలోనే చేయించి నాకు ఒక్క ముక్క రాయి.

కనీజ్

సెరంగూన్
నవంబరు 20

కనీజక్కా,

గట్టర్ పని అయిపోయింది. ఇద్దరు మనుషులు వచ్చారు, సొంత నిచ్చెన తెచ్చుకున్నారు. పెద్ద చెత్త సంచి నిండింది. బకెట్ నీళ్లు పోస్తే పైపులోంచి ధారగా దిగాయి. భాయ్ చెప్పులు నేనే తీసి అరలో పెట్టాను. ఇంక ఆ దిగులు వదిలేయ్. నిద్ర పడుతోందా నీకు? తింటున్నావా? నా బాధ అదే.

రోజూ మధ్యాహ్నం వాన పడుతోంది. ప్రణవికి సెలవులు మొదలయ్యాయి. నీ ఖట్టీ దాల్ చేయబోయి చింతపండు గుమ్మరించేసింది. "కనీజ్ ఆంటీ మేక్స్ ఇట్ బెటర్ లా" అని నామీదే విసుక్కుంది, వండింది తనైనా.

వసుంధర

టోలిచౌకి
నవంబరు 22

వసూ, బంగారు తల్లీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు అల్లాకు కృతజ్ఞతగా షుక్రానా నమాజు చేశాను. ఎందుకని మా వదిన అడిగింది. మా పక్కింటామె గట్టర్ కడిగించిందని చెప్పాను. "మియా పోయి నెల దాటింది, ఈమెకు మోరీ గురించి సంతోషం" అని పక్కామెతో అంటోంది. అననీ. నువ్వు నాకెంత మేలు చేశావో ఆమెకేం తెలుసు?

నిన్న కడుపునిండా తిన్నాను. రాత్రి పడుకున్నాను కూడా. తెల్ల బట్టలు కట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంటే ఒక్కోసారి నేనే పోయాననీ, ఆయనే బయట తిరుగుతున్నారనీ అనిపించేది. నిన్న అలా అనిపించలేదు.

ప్రణవికి చెప్పు: చింతపండు కాదు, ఓపిక వేయాలి. పప్పు మెత్తబడ్డాకే పులుసు పోయాలి. ఫిబ్రవరి ఆఖరుకు నా గడువు తీరుతుంది. మార్చిలో వచ్చి నేనే నేర్పుతాను. ఇక్కడే ఉండిపొమ్మని మా అన్న అంటున్నాడు. ఉండను. నా ఇల్లు అక్కడుంది. నా పిల్ల అక్కడుంది. మీ పిల్లను నా పిల్ల అన్నానని పార్థా భాయ్ మళ్లీ ఎగతాళి చేస్తాడేమో, చేయనీ.

కనీజ్

సెరంగూన్
డిసెంబరు 14

కనీజక్కా,

చాలా రోజులైంది రాసి. మన వీధి మొదట్లో డెంగీ ఉందని ఎర్ర బ్యానర్ కట్టారు. తనిఖీకి వచ్చినవాళ్లు మా పూలకుండీల కింద పళ్లేలు, వెనక బకెట్లు అన్నీ చూశారు. మీ గేటు దగ్గర రెండుసార్లు బెల్లు కొట్టి వెళ్లిపోయారు.

ప్రణవికి నాలుగు రోజులుగా జ్వరం. కంగారు పడకు. మూలమీది క్లినిక్‌లో వైరల్ అన్నారు, మందులిచ్చారు, తగ్గకపోతే రక్తపరీక్ష చేద్దామన్నారు. ఇవాళ తగ్గిపోయింది. పొద్దున లేచేసరికి ఒళ్లు చల్లబడింది. హమ్మయ్య అనుకున్నాం. పార్థ ఇవాళే మళ్లీ ఆఫీసుకు వెళ్లారు. కాస్త కడుపునొప్పి అంటోంది, రెండుసార్లు వాంతి అయింది. నాలుగు రోజులుగా ఏమీ తినలేదు కదా, అందుకే అయ్యుంటుంది. గంజి తాగించి పడుకోబెట్టాను. "అమ్మా, ఐయామ్ ఓకే లా, డోంట్ కీప్ స్టేరింగ్" అని అటు తిరిగి పడుకుంది.

నీకు చెప్పకూడదనే అనుకున్నాను. జ్వరం తగ్గింది కాబట్టి రాస్తున్నాను.

వసుంధర

టోలిచౌకి
డిసెంబరు 14

వసూ,

ఇది చదువుతూనే లేచి పిల్లను ఆసుపత్రికి తీసుకుపో. క్లినిక్ కాదు, పెద్ద ఆసుపత్రి. జ్వరం తగ్గిందని ఆగకు. తగ్గిన రోజే ప్రమాదం. ఆయనకూ ఒళ్లు చల్లబడింది, మేమూ హమ్మయ్య అనుకున్నాం. ఆయనా కడుపునొప్పి అన్నారు. పెళ్లి భోజనం పడలేదనుకుని నేను వాము నీళ్లు ఇచ్చాను. సాయంత్రానికి చేతులు మంచుముక్కలయ్యాయి.

ఆయనది గుండెజబ్బు కాదు వసూ. డెంగీ. విమానం దిగిన రెండో రోజే జ్వరం వచ్చింది. అక్కడ కుట్టిన దోమేనని ఇక్కడి డాక్టర్ చెప్పాడు.

మిగతాది తర్వాత. ఫోన్ కూడా చేస్తున్నాను. ఎవరు వింటే వాళ్లు విననీ. ఎత్తు.

కనీజ్

సెరంగూన్
డిసెంబరు 29

కనీజక్కా,

ప్రణవి నిన్న ఇంటికి వచ్చింది.

ఆరోజు నీ ఉత్తరం నేను చదవలేదు. నీ ఫోనే ఎత్తాను. "ఒళ్లు ముట్టుకుని చూడు, పాదాలు ముట్టుకుని చూడు" అని నువ్వు అరుస్తుంటే వెళ్లి ముట్టుకున్నాను. టాక్సీలో నా భుజం మీద తల పెట్టుకుని, ఆ పిల్ల ఇంగ్లీషు మానేసి తెలుగులో మాట్లాడింది. "అమ్మా, కళ్లు తెరవలేకపోతున్నా" అంది. అప్పుడు భయం వేసింది నాకు. ఆసుపత్రిలో ఐసీయూకి తీసుకెళ్లారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే, అంటూ ఆ డాక్టరమ్మ వాక్యం మధ్యలోనే ఆపేసింది. పార్థ ఆ కారిడార్‌లో చొక్కా గుండీలు పెట్టుకుంటూ, విప్పుకుంటూ గడిపారు.

నీకు కృతజ్ఞతలు రాయాలి. నా బిడ్డను నిలబెట్టింది నువ్వే. కానీ కాగితం ముందు కూర్చుంటే ఇంకో మాటే వస్తోంది. అక్టోబరులోనే ఎందుకు చెప్పలేదు? డెంగీ అని ఒక్క మాట రాసి ఉంటే నేను ఆ గోడెక్కి నా చేతులతో కడిగేదాన్ని. గట్టర్, గట్టర్ అన్నావు గానీ ఎందుకో చెప్పలేదు. దుఃఖంలో ఉన్న మనిషి ఏదో ఒకటి పట్టుకుని వేలాడుతుందని అనుకున్నాను. అందుకే...

ఇది కూడా రాయాలి. గట్టర్ శుభ్రం చేయించానని రాశాను కదా. చేయించలేదు. మనుషులూ లేరు, సంచీ లేదు. నీ మనసు కుదుటపడాలని రాశాను. నాలుగు రోజులు తింటావు, నిద్రపోతావు అనుకున్నాను. తిన్నానని, పడుకున్నానని నువ్వు రాస్తే, మంచి పనే చేశానని సంతోషించాను కూడా.

ప్రణవిని ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజు ఈయన నన్నేమీ అడగకుండా తాళంచెవి తీసుకుని మీ ఇంటికి వెళ్లారు. నేను వెనకే వెళ్లాను. చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. దాటుకుంటూ వెళ్లాం. పైన మీ మూలన, పైపు మూతి దగ్గర, ఆకులు నానిన టీపొడిలా ముద్దకట్టి ఉన్నాయి. వాటి వెనక నల్లటి నీళ్లు. కదిలే నీళ్లు అనుకున్నాను ముందు. నీళ్లు కదలడం లేదు, వాటిలో పురుగులు కదులుతున్నాయి. పైపు మూతిలో ఒక షటిల్ కాక్ ఇరుక్కుని ఉంది. ప్రణవీ, భాయ్ సాయంత్రాలు వీధిలో ఆడేవారు కదా. ఈయన దాన్ని తీసి జేబులో పెట్టుకున్నారు. ప్రణవికి చెప్పొద్దన్నారు. చెప్పను.

ఇదంతా ఆ గట్టర్ వల్లేనా? ఎవరూ తేల్చి చెప్పలేరు. బస్‌స్టాప్‌లో కుట్టి ఉండొచ్చు, ట్యూషన్ దగ్గర కుట్టి ఉండొచ్చు. రోజుకోసారి అలా అనుకుంటాను. ఆ తర్వాత ఆ నీళ్లు గుర్తొస్తాయి.

వసుంధర

టోలిచౌకి
జనవరి 6

వసూ,

నీ ఉత్తరం చదివి వారం రోజులు కాగితం ముట్టుకోలేదు. నీ మీద కోపం వచ్చింది. లేని మనుషులకు నిచ్చెనలు కూడా ఇచ్చి రాశావు. ఆ అబద్ధానికి నేను నమాజు చేశాను. ఆ కోపం తగ్గాక చూస్తే, నేను నీకు రాసిందేమిటి? గుండె అని. ఇద్దరం ఒకే పని చేశాం. నాది ముందు, నీది తర్వాత.

ఎందుకు చెప్పలేదో అడిగావు. చెబుతాను.

ఆసుపత్రిలో రెండో రోజు ఆయనకు తెలివి బాగానే ఉంది. డెంగీ అని డాక్టర్ చెప్పి వెళ్లాక నావైపు చూసి, "గట్టర్ గదా కనీజ్?" అన్నారు. మన వీధిలో అప్పటికి ఇంకెవరికీ జ్వరం లేదు, మా కిటికీ దగ్గర దోమలు ముసురుతున్నాయని సెప్టెంబరులోనే ఆయన అంటూ ఉండేవారు. "నేనొక్కడినే ఎక్కుతా" అంటే నేనే ఎక్కనివ్వలేదు, కాలు జారితే ఎట్లా, పార్థా భాయ్‌ని రానీ అని. ఆయనే మళ్లీ అన్నారు: "పార్థాకు చెప్పకు. పిచ్చోడు. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అన్న మాటను పట్టుకుని సచ్చిపోతాడు. గుండె అని చెప్పు. నా వయసుకి నమ్ముతరు." నవ్వారు కూడా. తాను పోతానని అనుకుని అన్న మాట కాదది, వేళాకోళం. రెండు రోజుల్లో అది ఆఖరి మాట అయింది.

ఆఖరి మాట ఎట్లా తప్పేది? నీకు చెబితే పార్థా భాయ్‌కి చెప్పినట్టే, నీ మొహంలో ఏదీ దాగదు. గట్టర్ కడిగిస్తే చాలు, ఎందుకో చెప్పక్కర్లేదు అనుకున్నాను. ఆయన మాట నిలబెట్టి ఆయన ఆడించిన పిల్లను మట్టిలో పెట్టేదాన్ని కొద్దిలో.

ఇప్పుడు ఆ మాట నీ చేతికి వచ్చింది. పార్థా భాయ్‌కి చెబుతావో, చెప్పవో. చెప్పమని నేను అనలేను, వద్దనీ అనలేను.

ప్రణవికి నా గొంతు వినాలని ఉందేమో అడుగు. నన్ను అడిగితే, నాకు ఉంది.

కనీజ్

సెరంగూన్
ఫిబ్రవరి 9

కనీజక్కా,

ప్రణవి బడికి వెళ్తోంది. దువ్వుకుంటే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. ఈ జ్వరం తర్వాత అలా ఊడి మళ్లీ వస్తుందట. దువ్వెన నాకు కనపడకుండా దాస్తోంది. ఈ ఇంట్లో దాచడం అందరికీ అలవాటైంది. నీతో ఫోన్‌లో మాట్లాడిన రోజు మాత్రం ఇడ్లీలు ఇంకా కావాలని అడిగి మరీ తిన్నది.

పార్థ విషయం. నీ ఉత్తరం వచ్చిన వారం ఆయన అన్నం తింటూ తింటూ ఆగి, "ఇఫ్తేఖార్ భాయ్‌కి వచ్చింది గుండెపోటేనా వసూ?" అన్నారు. ప్రణవి రిపోర్టులన్నీ వరుసగా చదివారు అప్పటికి. ఎన్ని రోజులకు జ్వరం వస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది, అన్నీ తెలుసు ఆయనకు. నువ్వు నాకు అప్పగించిన మాట నా నోట్లోనే ఉంది. "అదే కదా చెప్పారు" అన్నాను. ఆయన తల ఊపి, పెరుగు వేసుకుని, కలుపుకున్నారు. మళ్లీ అడగలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే నిచ్చెన చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే మీ బాల్కనీలో ఆయన. నేను వెళ్లి పట్టుకున్నాను. గట్టర్‌లో ఏమీ లేదు, డిసెంబరులోనే శుభ్రం చేశారు కదా. అయినా చేత్తో మూలమూలా తడిమారు. తర్వాతి ఆదివారం కూడా. ఆ తర్వాత కూడా. రాత్రి వాన పడనీ పడకపోనీ, ఆఫీసు ఎన్నిసార్లు ఫోన్ చేయనీ. పైన కూర్చుని ఆయన ఏమీ మాట్లాడరు. నాకు పైకి చూడాలంటే భయం.

నేను తప్పు చేస్తున్నానా? చెబితే ఆయన ఏమవుతారో తెలియదు. చెప్పకపోతే ఏమవుతున్నారో ప్రతి ఆదివారం చూస్తున్నాను. భాయ్ ఆయన్ని కాపాడాలని అన్న మాట, నువ్వు మా ఇద్దరినీ కాపాడాలని దాచిన మాట, నేను నిన్ను కాపాడాలని ఆడిన అబద్ధం, ఇన్ని కాపాడటాల మధ్య ఒక మనిషి పోయాడు, ఒక పిల్ల పోబోయింది. అయినా నా నోరు రాదు. నువ్వు మార్చిలో రా. తలుపు తీసి ఉంచుతాను. చెప్పులు నేనిప్పటికీ జరపలేదు, అది నువ్వే చేసుకో. ఆయనతో ఆ మాట నువ్వే చెప్పు. భాయ్ నవ్వారన్నావే, ఆ నవ్వు కూడా చెప్పు. అది చెప్పగలిగింది నువ్వొక్కదానివే.

నిన్ను చూసినప్పుడు నాకు ఏమనిపిస్తుందో ఇప్పుడే చెప్పలేను. ప్రణవికి సంతోషంగా ఉంటుంది, అంతవరకు తెలుసు.

ఇవాళ కూడా ఆదివారమే. అంతా తడిమాక ఆయన బకెట్ నీళ్లు కుమ్మరించి, పైనుంచి "నీళ్లొచ్చాయా?" అని అడిగారు. నేను కింద పైపు దగ్గర ఉన్నాను. నా చేతి మీదుగా నీళ్లు పోతున్నాయి. "వచ్చాయండీ" అన్నాను. ఆయన మెల్లగా నిచ్చెన దిగి, మెట్లు దిగి, ఇల్లంతా దాటుకుని వచ్చి, నా పక్కన వంగి, పైపు మూతి కింద తన చెయ్యి పెట్టి చూసుకున్నారు.

వసుంధర